బోల్టు మామయ్య బిగించిన బ్రేకులు

"తొక్కు" అంది పాప.

"తొక్కాను" అంది పైనుంచి అమ్మ.

"అలాగే పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు."

వెనక ఎడమ చక్రం ఊడదీసిన చోట, రేకుల షెడ్డులో నేల మీద వెల్లకిలా పడుకుని, పాప చిన్న పానాతో నిపుల్ అనే చిన్న మరని కాస్త వదులు చేసింది. దానికి తగిలించిన సన్న గొట్టంలోంచి బ్రేకు ఆయిలు బుడగలు బుడగలుగా సీసాలోకి జారింది. మళ్ళీ బిగించి "వదులు" అంది. ఇంతే పని. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలంతా పోయేదాకా ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకరు కింద పడుకుని నిపుల్ విప్పాలి, బిగించాలి. ఇద్దరి మధ్యా ఈ నాలుగు ముక్కలు తప్ప వేరే మాట అక్కర్లేదు. అక్కర్లేకపోవడమే మంచిదయింది, ఎందుకంటే మొన్న ఈ డ్రమ్ములు విప్పిన దగ్గర్నుంచీ పాప నోరు తెరిస్తే తిట్లే వచ్చేలా ఉన్నాయి, ఎవర్ని తిట్టాలో ఆ మనిషేమో పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. ఎందుకు అనకూడదో మాత్రం ఎవరూ చెప్పరు. బతికున్నప్పుడు అననిచ్చాడా ఆయన? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, "నాన్నా, అది మీ వల్ల జరిగింది" అని ఎవరైనా అంటే ఆ పూట కంచం గోడకి తగిలేది. "తొక్కు." "తొక్కాను." అమ్మ గొంతు ఎంత బుద్ధిగా ఉందో. ఇలా బుద్ధిగా ఉండే కదా జన్మంతా గడిపేసింది. పాపకి అమ్మ మీద జాలి వేసింది, జాలి వేసినందుకు నాన్న మీద ఇంకాస్త మండింది, ఆ మంటలో పానా జారి బొటనవేలు డ్రమ్ముకి కొట్టుకుంది.

పాప అంటే చిన్నపిల్లేమీ కాదు. ముప్పై దాటి కూడా చాలా రోజులయింది, కళ్ళద్దాల షాపులో ఫ్రేములు బిగించే పని, రోజంతా ఆవగింజంత స్క్రూలతో సావాసం. అయినా ఇంట్లో, వీధిలో, చుట్టాల్లో ఆమె ఇంకా పాపే. పాపా, ఆ షెడ్డులో ఏం చేస్తున్నావే. పాపకి ఈ పిచ్చి ఎక్కడ పట్టింది. పాపకి కారెందుకు, కావాలంటే కొత్తది కొనుక్కోవచ్చుగా. షాపు ఓనరైతే ఆమె గోళ్ళలో నల్లటి మురికి చూసి, "కాస్త చెయ్యి కడుక్కుని కళ్ళజోళ్ళు ముట్టుకోమ్మా" అన్నాడు. పైగా ఇవాళ సాయం వస్తానని మాటిచ్చిన కౌంటరు ఆవిడ తలనొప్పి అని మెసేజీ పెట్టి చేతులు దులిపేసుకుంది. ఆదివారం మధ్యాహ్నం రేకుల కింద ఉడికిపోతూ, పైన తొక్కేవాళ్ళు లేక, పాప ఒక్కతే పెడలుకీ చక్రానికీ మధ్య తిరుగుతూ గొణుక్కుంటుంటే, అమ్మ వెనక గుమ్మంలోంచి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "నేను తొక్కుతాలే" అంది. కారు తుక్కుకి అమ్మేయమని ఇన్నాళ్ళూ పోరిన మనిషి, ఈ షెడ్డు గుమ్మం దాటని మనిషి, వంగని ఎడమ మోకాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. పాప ఆశ్చర్యపోవాల్సింది. కానీ కోపంలో ఉన్నవాళ్ళకి ఆశ్చర్యపోయే తీరిక ఉండదు, వెళ్ళి చక్రం పక్కన పడుకుంది.

ఆ ఎడమ మోకాలు ఈ కారులోనే పోయింది. పాప అప్పుడు రెండో తరగతి. స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం, పక్కింటావిడ చేతిలో బిస్కెట్ల పొట్లం. సాయంత్రానికి కథ సిద్ధమైపోయింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ నాన్న అదే కథ, అదే తీరుగా చెప్పాడు. కుర్చీలో ముందుకి జరిగి, కుడికాలు నేల మీద నొక్కి చూపించేవాడు. "తొక్కుతూనే ఉన్నానండీ, తొక్కుతూనే ఉన్నాను, పెడలు మెత్తగా లోపలికి పోతూనే ఉంది, గోడ మీదికి వచ్చేస్తోంది. వారం కాలేదు ఆ బ్రేకులు చేయించి. ఎవరు చేశారు? నా బావమరిది. సొంత అక్క ఎక్కే బండి అని కూడా లేకపాయె." కథ వింటున్నవాళ్ళు ట్చ్ ట్చ్ అనేవారు, కాఫీ తాగేవారు, వెళ్ళేటప్పుడు అమ్మ కాలి వంక ఓసారి చూసి మరీ వెళ్ళేవారు. అంతటితో ఆగాడా? వర్క్‌షాపు ముందుకి వెళ్ళి నిలబడి, వచ్చిన ప్రతి బండివాడికీ చెప్పాడు. ఆ బావమరిది, బోల్టు మామయ్య, లోపల జాకీ పక్కన తలొంచుకుని నిలబడి అన్నీ విన్నాడట. ఎదురు చెప్పలేదట. ఎలా చెప్తాడు, ఆయన కూడా నమ్మాడు కదా. అదే పాపకి గుండెల్లో గుచ్చుకునేది. ఒకడు అబద్ధం చెప్తే ఊరు నమ్మడం వేరు, ఎవరి మీద చెప్పారో ఆ మనిషే నమ్మడం వేరు. ఎక్కడో ఒక నట్టు వదిలేసుంటాను, నా చేతులే అక్కని కుంటిదాన్ని చేశాయి అనుకున్నాడాయన, వర్క్‌షాపు మూసేశాడు, పానా పట్టడం మానేశాడు, ఊరి చివర ఒక గిడ్డంగి గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

"ఇక్కడ అయింది" అంది పాప. గొట్టంలో బుడగలు ఆగిపోయి ఆయిలు ఒకే ధారగా వస్తోంది. సీసా తీసుకుని కారు వెనక నుంచి చుట్టి కుడి పక్కకి వెళ్ళి మళ్ళీ పడుకుంది. ముందున్న పెద్ద సిలిండరుకి బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గర చక్రానికి రావాలి, అలాగైతేనే గాలంతా పోతుంది. ఇది మామయ్య చెప్పలేదు, వీడియోల్లో చూసి నేర్చుకుంది. మిగతాదంతా మామయ్యే చెప్పాడు. నాన్న పోయిన నెలకి ఆమె ఈ కారు మీద టార్పాలిన్ లాగి పారేసినప్పుడు లోపల ఎలకల గూళ్ళు, సీట్లలో స్ప్రింగులు, నుజ్జయిన ముందు మూతి, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ రాలే తుప్పు. బండి బాగుచేయడం కాదు కదా సైకిలు పంక్చరు కూడా వేసిన మనిషి కాదు. ఒక సాయంత్రం ధైర్యం చేసి మామయ్యకి ఫోను చేసింది. టార్పాలిన్ తీశావా అని ముందు అడిగాడు. తర్వాత, "ఇంజను తిరుగుతుందేమో చూడు, ముందు ప్లగ్గులు తీసి కాస్త నూనె పొయ్యి, తొందరపడి తాళం తిప్పకు" అన్నాడు. అలా మొదలైంది. కార్బొరేటరు ఆమె బల్ల మీద పరిచి ఫొటో పంపితే, "ఆ చిన్న ఇత్తడి ముక్క తిరగేసి పెట్టావు, కళ్ళజోళ్ళు కూడా ఇలాగే పెడతావా" అనేవాడు. ఇంజను మొదటిసారి అంటుకున్న రోజు ఫోనుని బానెట్ దగ్గర పట్టుకుంటే, విని విని, "రెండోది సరిగ్గా కొట్టట్లేదు" అన్నాడు, అన్న గొంతులో సంతోషం ఆమెకి స్పష్టంగా వినబడింది. కానీ బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి, "దాని జోలికి నన్ను లాగకు పాపా. మిగతాదేదైనా అడుగు" అన్నాడు. మళ్ళీ అడిగితే ఫోను పెట్టేశాడు. అంత మెత్తని మనిషి, అక్క కూతురి మొహం మీద ఫోను పెట్టేశాడు.

"తొక్కు." "తొక్కాను." "పట్టుకో." తలకి పైన, చక్రం వెనకుండే ఇనప పళ్ళేనికి ఉన్న నట్టు మీద ఎర్రటి గీత కనిపిస్తోంది. నట్టు మీద మొదలై పక్కనున్న గొట్టం మీదుగా పళ్ళెం దాకా ఒకే గీత. నాలుగు చక్రాల దగ్గరా, ప్రతి నట్టు మీదా ఉంది. గోళ్ళ రంగు అది. మామయ్య పని తీరు అలాంటిది, ఒక నట్టు పూర్తిగా బిగించాక దాని మీద ఎర్రగా ఒక గీత గీసేవాడు. ఆ నట్టు తర్వాత ఏ కొంచెం కదిలినా గీత విరిగి రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. గీతకి రంగు కోసం అక్క గోళ్ళ రంగు సీసా ఎత్తుకుపోయేవాడు. అమ్మ వెతుక్కుని వెతుక్కుని, "ఒరే, పెళ్ళికెళ్ళాలిరా, నా రంగు ఏ లారీకి పూశావురా" అని అరిచేది, ఆయన నవ్వుతూ పారిపోయేవాడు. అమ్మ అలా గట్టిగా అరవడం పాపకి గుర్తున్న చివరి రోజులవి. మొన్న డ్రమ్ము విప్పి లైటు వేసి చూసేసరికి ఆ గీతలు. దుమ్ము తుడిస్తే నిన్న గీసినట్టు. ఒక్కటంటే ఒక్కటి విరగలేదు. బ్రేకు షూలు కొత్తవి, అరగనే లేదు. ఆయిలు కారితే మరక ఉండాలి, ఎక్కడా మరక లేదు. పాప చాలాసేపు అలాగే చతికిలబడింది. ఏ నట్టూ వదలలేదు ఆయన. బ్రేకులు పోలేదు. బ్రేకులు పోలేదంటే పోలేదు.

ఎవరి చేతిలో స్టీరింగు ఉందో వాళ్ళదే తప్పు మరి. నాన్నకి తప్పు చేయడం చేతకాదు. అంటే చేయడని కాదు, చేసిన తప్పు ఆయన చేతిలో నిమిషం కూడా నిలవదు, వెంటనే పక్కవాళ్ళ చేతిలో పెట్టేస్తాడు. గొడుగు బస్సులో మరిచిపోతే దిగేటప్పుడు గుర్తుచేయని అమ్మది తప్పు. రైలు తప్పిపోతే గోడగడియారం బాగుచేసినవాడిది తప్పు. గడ్డం గీసుకుంటూ చెంప కోసుకుంటే స్కూలుకి టైమైందని అప్పుడే అరిచిన పాపది తప్పు. ఆ చెంప మీద దూదితో ఆమె వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అలాంటి మనిషి కారుని గోడకి గుద్దాడు. ఏం చేస్తూ గుద్దాడో. ఎవరితోనో పోట్లాడుతూనో, అద్దంలో క్రాపు చూసుకుంటూనో. ఆ తర్వాత చూపు ఎవరి మీద పడాలి? నోరులేని బావమరిది మీద. అందుకేనా ఈ కారు అమ్మనివ్వలేదు, బాగుచేయనివ్వలేదు, టార్పాలిన్ కప్పి షెడ్డుకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నంత పని చేశాడు. బాధ అనుకున్నారందరూ. పాప కూడా బాధే అనుకుంది, అలా అనుకుని ఆయన మీద జాలిపడిన పూటలు కూడా ఉన్నాయి, ఆ జాలంతా ఇప్పుడు తిరిగి లాక్కోవాలనిపిస్తోంది. బాధా గాడిదగుడ్డా. ఇంకో మెకానిక్కు చేతిలో పడితే నిజం బయటపడుతుందని భయం. "వదులు" అంది పాప. పళ్ళు నూరుతూ అనడంతో అది తిట్టులా వినబడింది. 

అమ్మకి ఎలా చెప్పాలి? మొన్నటినుంచీ అదే నలుగుతోంది లోపల. రేపు ఫొటోలు తీసుకుని గిడ్డంగి దగ్గరికి వెళ్ళాలి, మామయ్యకి చూపించాలి, అది సరే. కానీ ముందు అమ్మకి చెప్పాలి కదా. నీ తమ్ముడు ఏ పాపమూ ఎరగడు, నీ మొగుడు నీ కాలూ తీశాడు, నీ తమ్ముణ్ణీ తీశాడు అని. ఈ వయసులో అమ్మ ఎలా తట్టుకుంటుంది? మిగతావాళ్ళ సంగతి వేరు, అమ్మ మామయ్యని క్షమించిన మనిషి. ఆ దృశ్యం పాప కళ్ళారా చూసింది. ఆసుపత్రిలో పొడుగాటి గది, ఫినాయిల్ వాసన, అమ్మ కాలు తొడ దాకా తెల్లటి పిండికట్టు. నాన్న మందులకి వెళ్ళిన సమయం చూసుకుని మామయ్య దొంగలా లోపలికి వచ్చాడు. మంచం పట్టీ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఆ కట్టు మీద నుదురు ఆనించి, "ఈ చేతులు విరగ్గొట్టుకుంటానక్కా" అన్నాడు. మగవాళ్ళు ఏడవడం పాప అదే మొదటిసారి చూడటం. అమ్మ కళ్ళు మూసుకుని ఆయన తల మీద చెయ్యి వేసింది. "పోనీలేరా" అంది.  ఆ ఒక్క మాటని చుట్టాలు ఎంత చెప్పుకున్నారో. కాలు పోగొట్టుకుని కూడా తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదమ్మా, ఆవిడది మనసు కాదు, వెన్న. పాప కూడా ఎక్కడైనా ఎవరి మీదైనా కోపం పట్టలేకపోతే, అమ్మ చెయ్యి ఆ తల మీద పడటం గుర్తు చేసుకునేది. నాన్న గడప తొక్కనివ్వకపోయినా అమ్మ మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేసి, తిన్నావారా, చలికి కప్పుకుంటున్నావారా అని అడుగుతుంది. ఆయన, అక్కా అక్కా అంటూ, అక్క తనతో మాట్లాడటమే మహాభాగ్యం అన్నట్టు జవాబు చెప్తాడు.

వెనక రెండూ అయ్యాయి. ముందు ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళడానికి పాప లేచి, నడుం పట్టుకుని కారు చుట్టూ నడిచింది. నడుస్తూ అద్దంలోంచి అమ్మని చూసింది. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తోంది. సీటు బాగా ముందుకి జరిగి ఉంది. పాప పడుకుని నిపుల్‌కి గొట్టం తగిలించింది. సీటు ముందుకి జరిగి ఉంది. నాన్న పొడగరి, సీటు వెనక్కి నెట్టి ఉంటే తనూ దాన్ని కదపలేదు, కింద కడ్డీ తుప్పుపట్టి ఉంటే నూనె పోసింది గానీ జరపలేదు. ఆ కడ్డీ మామూలుగా అందరి కార్లకీ ఉన్నట్టు ముందు ఉండదు, సీటుకీ తలుపుకీ మధ్య సందులో లోపలికి ఉంటుంది, తనకి మామయ్య ఫోనులో చెప్తే గానీ దొరకలేదు. అమ్మ వచ్చి కూర్చోగానే ఏం చేసింది? పాప కళ్ళు మూసుకుంది. మోకాలు ఎత్తి పెట్టుకుంది. వంగి చూడకుండానే కుడిచెయ్యి ఆ సందులోకి పోనిచ్చి సీటు జరుపుకుంది. పైన అద్దం తన మొహానికి దించుకుంది. ఎడమ చేత్తో గేరు కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపింది, ఏ గేరులోనూ లేదని చూసుకునేవాళ్ళు ఊపినట్టు. అప్పుడు పెడలు మీద కాలు పెట్టింది. మూడు పెడళ్ళలో ఏది అని అడగలేదు. తనూ చెప్పలేదు. డ్రైవరు సీట్లో జన్మలో కూర్చోని మనిషి.

"తొక్కమంటావా?" అంది అమ్మ పైనుంచి.

"తొక్కు" అంది పాప. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, వదులు చేయడం, బిగించడం, సీసా సర్దడం. లోపల మాత్రం ఒక పక్క నుంచి ఏదో కూలడం మొదలైంది. కాదు, కాదు. ఎక్కడైనా చూసి ఉంటుంది. పక్కన కూర్చుని నాన్నని చూసి చూసి నేర్చుకుని ఉంటుంది. చూసి నేర్చుకున్నవాళ్ళకి చెయ్యి కడ్డీ దగ్గరికి తడుముకోకుండా పోతుందా? కళ్ళద్దాల షాపులో చేరిన కొత్తలో స్క్రూ ఏ వైపు తిప్పాలో తనకి ప్రతిసారీ ఆలోచించాల్సి వచ్చేది, ఇప్పుడు నిద్రలో అయినా తిప్పగలదు, అది కళ్ళతో వచ్చేది కాదు. అమ్మకి నేర్పడానికి నాన్నకి అంత ఓపిక ఎక్కడిది, అగ్గిపుల్ల గీయడం కూడా సరిగ్గా రాదని ఎగతాళి చేసే మనిషి. మరి ఎవరు నేర్పి ఉంటారు? అడగక్కర్లేని ప్రశ్న. ఆ జవాబు వచ్చాక దాని వెనకే రావాల్సిన ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని పాప రానివ్వదలుచుకోలేదు, అది వచ్చేసింది. ఆ రోజు ఎవరు నడిపారు?

నాలుగోది డ్రైవరు పక్క చక్రం. అక్కడ పడుకుంటే తెరిచిన తలుపులోంచి అమ్మ కాలు కనిపిస్తుంది, పెడలు మీద పాదం, రంగువేయని గోళ్ళు. "తొక్కు" అంది. పాదం కిందికి దిగింది. "పట్టుకో." నిపుల్ విప్పలేదు పాప. పానా దాని మీద పెట్టి అలాగే ఉండిపోయింది.

"సీటు జరిపే కడ్డీ ఎక్కడుంటుందో నీకెవరు చెప్పారమ్మా?"

పాదం కదల్లేదు. రేకుల మీద పిట్ట ఏదో టకటకా నడిచిన చప్పుడు.

"ముందు నీ పని కానీ" అంది అమ్మ. "కాలు నొప్పెడుతోంది."

"నొప్పెట్టనీ. ఎవరు చెప్పారు?"

"మీ మామయ్యే. వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలం ఉండేది కదా, అక్కడ నేర్పాడు. మీ నాన్నకి తెలియకుండా." అమ్మ గొంతు నెమ్మదిగా, చాలా రోజులుగా చెప్పుకున్న మాటలు మళ్ళీ చెప్తున్నట్టు వస్తోంది. "తర్వాత తెలిసింది. కోప్పడతారనుకున్నా. నవ్వారు. ఏదీ నడుపు చూద్దాం అన్నారు. పక్కన కూర్చున్నారు. అదిగో అలా, ఇలా, నీ తమ్ముడు ఇదేనా నేర్పింది అంటూనే ఉన్నారు దారంతా. మలుపులో బ్రేకనుకుని పక్కనున్న ఏక్సిలరేటరు తొక్కాను."

"బ్రేకు కాదా."

"కాదు. బ్రేకు దాకా నా కాలు పోనే లేదు."

"మరి నాన్న..."

"జనం వచ్చేలోపు నన్ను పక్క సీట్లోకి లాగి, సీటు వెనక్కి నెట్టి ఆయన కూర్చున్నారు. నాకు లైసెన్సు లేదు కదా. తనే నడిపానని చెప్పారు అందరికీ."

"విరిగిన కాలితో నిన్ను లాగాడా?"

"విరిగిన కాలితోనే" అంది అమ్మ. "నన్ను కాపాడటానికే లాగారు. బ్రేకు పడలేదు అన్నారు, అదీ నా కోసమే అనుకున్నా. ఒకసారి అన్నాక ఆ మాట ఆయనకి నచ్చింది. ఇంక వదల్లేదు."

పాపకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ వైపు తిరిగితే ఆ వైపు మంటే. మొన్నటినుంచీ ఎంత శుభ్రంగా, ఎంత హాయిగా ద్వేషించింది నాన్నని. ఇప్పుడు ఆయనకి కూడా ఒక మంచితనం అంటగట్టాలా, పెళ్ళాన్ని కాపాడాడని? ఆ మంచితనంతో మోకాలు ఎందుకూ పనికిరాకుండా పోయేలా లాగాడని? సరే, ఆయన సంగతి ఆయనది. పైన కూర్చున్న ఈవిడ? ఆ పొడుగాటి గదిలో, తన కట్టు మీద నుదురు ఆనించి ఏడుస్తున్న మనిషి తల మీద చెయ్యి వేసి, పోనీలేరా అన్న ఈవిడ? తప్పు చేసింది తను. ఆ తప్పు తమ్ముడి నెత్తిన పెట్టి, తనే పెద్దమనసు చేసుకుని మన్నించింది. ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం ఫోను చేసి, తిన్నావారా అని అడిగి మన్నిస్తూనే ఉంది. చుట్టాలు వెన్న అన్నారు. తను కూడా ఆ చేతిని గుర్తు చేసుకుని కోపాలు చల్లార్చుకుంది, ఎన్ని కోపాలు, నిజంగా రావాల్సినవి, అరిచి పోట్లాడాల్సినవి, అన్నీ ఆ దొంగ చెయ్యి చూసి మింగేసింది. పాప నిపుల్ విప్పింది, ఆయిలు ధారగా వచ్చింది, బిగించింది. "వదులు" అంది. ఇవతలికి జరిగి లేచి నిలబడింది. అమ్మ మొహం చూడాలనుకుంది గానీ చూడబుద్ధి కాలేదు, స్టీరింగు కేసి చూస్తూ మాట్లాడింది.

"చెయ్యని తప్పుకి క్షమించావే మామయ్యని. నోరెలా వచ్చింది నీకు?"

"ఇంకేం అనాలో తోచలేదు. మీ నాన్న అప్పటికే ఊరంతా చెప్పేశారు. కాదంటే ఆయన ఏమైపోతారు, నేనేమైపోతాను. వాడికైతే నేనున్నాను కదా అనుకున్నా."

"వాడికి నువ్వున్నావా? ఆయన గేటు దగ్గర కూర్చుని తన చేతులు తను చూసుకుంటున్నాడమ్మా. పానా ముట్టుకుంటే చేతులు వణుకుతాయట. తెలుసా నీకు?"

"తెలుసు."

ఆ తెలుసు వినగానే పాప జేబులోంచి ఫోను తీసింది. ఆయిలు వేళ్ళకి తెర జారిపోతుంటే చొక్కాకి తుడిచి మామయ్య నంబరు నొక్కింది.

"వద్దే" అంది అమ్మ. ఈసారి గొంతులో భయం. "చెప్పగానే వాడు పోనీలే అక్కా అంటాడు. నాకు తెలుసు వాడి సంగతి. ఆ మాట నేను వినలేనే. ఇన్నేళ్ళూ చెప్పకపోవడానికి మీ నాన్న ఒక్కరే కారణం అనుకుంటున్నావా?"

"వినాలి. వినితీరాలి."

అటు ఒక్క మోతకే ఎత్తాడు. ఇవాళ బ్రేకులు చేస్తున్నానని ఆయనకి తెలుసు, పొద్దున్నుంచీ ఫోను చేతిలోనే పట్టుకుని ఉంటాడు. "పాపా, ఏమైంది? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు. ఆ గొంతులో వణుకు విని పాపకి ఏడుపొచ్చింది, కోపంతోనే వచ్చింది. "ఎవరికీ ఏమీ కాలేదు మామయ్యా. అమ్మ మాట్లాడుతుందట" అని ఫోను అమ్మ ఒళ్ళో పడేసింది.

అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. "ఒరే" అంది.  పాప తలుపు పట్టుకుని కాపలా కాసినట్టు నిలబడింది. చెప్పకపోతే లాక్కుని తనే చెప్పేసేది, కానీ తను చెప్తే దానికి విలువ లేదు, ఈ మాట ఈ నోట్లోంచే రావాలి. "ఆ రోజు బండి నేను నడిపానురా" అంది అమ్మ. "బావగారు కాదు. నేను. కాదు, బ్రేకు కాదు. బ్రేకు నేను తొక్కలేదు. నువ్వు బిగించినవన్నీ బిగించినట్టే ఉన్నాయి. పాప చూసింది." ఆగింది. "అప్పుడే తెలుసురా. నువ్వు ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా తెలుసు." మళ్ళీ ఆగింది. ఇప్పుడు ఆమె మొహం మీద పాపకి కనిపించింది ఎదురుచూపు, ఏ మాట వినలేనందో ఆ మాట కోసమే ఎదురుచూపు. రెప్ప వేయకుండా, నోరు కొంచెం తెరిచి, అంత పెద్దావిడ చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. ఎంతసేపటికీ ఆ మొహంలో ఏ మార్పూ రాలేదు. చివరికి ఫోను చెవి నుంచి తీసి పాప వైపు చాచింది. "నీకియ్యమంటున్నాడు" అంది.

పాప తీసుకుంది. అటు ఊపిరి చప్పుడు, దూరంగా లారీ హారను, ఎవరో గేటు తీయమని కేక. మామయ్య తీయడానికి వెళ్ళినట్టు లేడు.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"చూశాను మామయ్యా. ఒక్క గీత కూడా విరగలేదు."

"చక్రాలు బిగించొద్దు. అలాగే ఉంచు. నేను వస్తున్నాను, నా కళ్ళతో నేను చూడాలి."

"రా మామయ్యా."

"మీ అమ్మని లోపలికి పొమ్మను" అన్నాడు. ఆ గొంతు పాప ఎప్పుడూ వినలేదు. మెత్తదనం లేదు, వణుకు లేదు, ప్రతి మాటా విడివిడిగా బిగించినట్టు వస్తోంది. "నేను వచ్చేసరికి ఆవిడ నాకు కనపడకూడదు." ఫోను పెట్టేశాడు.

పాప ఫోను జేబులో పెట్టుకుంది. గంట నుంచీ, కాదు, మొన్నటినుంచీ తను రాజేసుకుంటున్న కోపం ఎవరిదో వాళ్ళకి చేరిపోయింది, చేరగానే అది ఎంత పెద్దదో తెలిసింది. తన చేతిలో ఉన్నంతసేపూ అరుపుగానే ఉంది, ఆయన దగ్గరికి వెళ్ళాక చల్లగా అయిపోయింది, తనకే భయం వేసేంత చల్లగా. హమ్మయ్య అనిపించాలి. అనిపించలేదు.

"ఏమన్నాడు?" అంది అమ్మ.

ఒక అబద్ధం నాలుక చివరికి వచ్చింది, చిన్నది, ఎవరికీ నష్టం లేనిది. కాస్త ఆలోచించుకోనీ అన్నాడు అంటే చాలు. ఎవరినో కాపాడటానికి ఈ ఇంట్లో అబద్ధాలు ఎంత తేలిగ్గా పుడతాయో పాపకి అప్పుడు అర్థమైంది, అర్థమై ఒళ్ళంతా చీదర పుట్టింది.

"వస్తున్నాడట. నువ్వు లోపలికి వెళ్ళాలట. వచ్చేసరికి నువ్వు కనపడకూడదట."

"అక్కని పొమ్మను అన్నాడా, మీ అమ్మని పొమ్మను అన్నాడా?"

"మీ అమ్మని అన్నాడు."

అమ్మ తల ఊపింది. స్టీరింగు మీద నుంచి ఒక్కో చెయ్యి తీసింది. వంగని మోకాలిని ఎత్తి బయట పెట్టుకుని, తలుపు అంచు పట్టుకుని లేచింది. పాప చెయ్యి సాయానికి కొంచెం ముందుకి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. అమ్మ దాని కోసం చూడలేదు. గోడ పట్టుకుని వెనక గుమ్మం దాకా నడిచి, మెట్టు మీద మంచి కాలు వేసి, రెండో కాలిని పైకి లాక్కుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది. ఆ తర్వాత ఏ గదిలోకి వెళ్ళిందో, ఎక్కడ కూర్చుందో, అడుగుల చప్పుడు ఏమీ వినబడలేదు. మామయ్య వచ్చి గేటు తీసేదాకా పాప ఆ తలుపు తట్టలేదు.